ఒక తండ్రి పెట్టిన షరతు



పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఒకటే చర్చ: ఏ గ్రూప్, ఏ కోచింగ్? ఈ సమయంలో మీ అమ్మాయో అబ్బాయో ఇంజనీరింగ్ వద్దు, ఫిజిక్స్ చదువుతానంటే మీరేమంటారు? దాదాపు వందేళ్ల కిందట బొంబాయిలో ఒక పార్సీ కుటుంబానికి ఇదే ప్రశ్న ఎదురైంది. ఆ అబ్బాయి హోమీ జహంగీర్ భాభా.

1909లో పుట్టిన భాభాను 1927లో మెకానికల్ ఇంజనీరింగ్ కోసం కేంబ్రిడ్జ్ పంపారు. చదువయ్యాక జంషెడ్‌పూర్‌లో టాటాల ఉక్కు కర్మాగారంలో చేరాలని ఇంట్లో వాళ్ల ఆశ. కొన్నాళ్లకే ఆయన తన మనసంతా ఫిజిక్స్ మీదే ఉందని తండ్రికి ఉత్తరం రాశారు. తండ్రి కాదనలేదు, వెంటనే సరే అనీ అనలేదు. ముందు ఇంజనీరింగ్‌లో ఫస్ట్ క్లాస్ తెచ్చుకో, తర్వాత నీకు నచ్చింది చదివిస్తానని షరతు పెట్టారు. 1930లో కొడుకు ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యారు. తండ్రి కూడా మాట నిలబెట్టుకున్నారు.

1939లో భాభా సెలవులకు ఇండియా వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలవడంతో తిరిగి వెళ్లలేకపోయారు. బెంగళూరులో సి.వి. రామన్ ఉన్న విభాగంలో చేరి కాస్మిక్ కిరణాల మీద పరిశోధన చేశారు. అణువిద్యుత్ వచ్చే రోజుకి నిపుణుల కోసం మన దేశం బయటికి చూడకూడదంటూ 1944లో టాటా ట్రస్టుకు ఉత్తరం రాశారు. మరుసటి ఏడాదే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ మొదలైంది.

అలాగని ఆయన తలుపులు మూసుకోలేదు. 1956లో మన ఇంజనీర్లు కట్టిన అప్సర రియాక్టర్‌కు ఇంధనం బ్రిటన్ ఇచ్చింది. తర్వాతి రియాక్టర్‌కు కెనడా సాయం చేసింది. 1955లో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి అణుశక్తి సదస్సుకు ఆయనే అధ్యక్షులు. సాయం తీసుకుంటూనే, 1957లో ట్రాంబేలో ట్రైనింగ్ స్కూల్ పెట్టి మన పిల్లల్ని తయారుచేశారు. అందుకే 1965లో కోలార్ బంగారు గనుల్లో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున జరిగిన ప్రయోగంలో జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో మనవాళ్లు సమానంగా పనిచేశారు. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను ప్రపంచంలో తొలిసారి గుర్తించిన రెండు బృందాల్లో వీరిది ఒకటి.

1966 జనవరి 24న వియన్నాలో సమావేశానికి వెళ్తుండగా మాంట్ బ్లాంక్ పర్వతం దగ్గర విమానం కూలి భాభా చనిపోయారు. అప్పటికి ఆయన వయసు 56. ఆయన పెట్టిన సంస్థ మాత్రం ఆగలేదు. జెనీవా దగ్గర సెర్న్‌లో జరిగే భారీ ప్రయోగాల్లో ఈరోజుకీ పాలుపంచుకుంటోంది. దానికి మన హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉంది. సైన్స్ చదవాలనుకునే పిల్లలకు తిరుపతిలో ఐసర్ ఉంది.

కొడుకును కేంబ్రిడ్జ్ పంపే స్థోమత అందరికీ ఉండదు. కానీ పిల్లల మాట వినడానికి, న్యాయమైన షరతు పెట్టడానికి, దానికి కట్టుబడడానికి ఆస్తులు అక్కర్లేదు కదా. గ్రూప్ ఫారం నింపే ముందు ఒక సాయంత్రం మీ పిల్లలతో కూర్చోండి. వాళ్లకు ఏ సబ్జెక్ట్ ఇష్టమో, ఎందుకిష్టమో అడగండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి.