చెత్తగుట్టలో జింకును చూసిన డెల్‌ప్రాట్

ఆస్ట్రేలియాలో ఉంటున్న మన తెలుగువాళ్ళకి బీహెచ్‌పీ పేరు కొత్త కాదు. కానీ ఆ పేరులో మొదటి రెండక్షరాలు బ్రోకెన్ హిల్ అనే ఊరివని, మాస్టర్స్ చేయడానికి ఇక్కడికి వచ్చేదాకా నాకు తెలియదు. ఆ ఊరి కథలో నన్ను ఆకట్టుకున్న మనిషి గియోమ్ డానియల్ డెల్‌ప్రాట్.

ఆయన 1856లో హాలండ్‌లోని డెల్ఫ్ట్‌లో పుట్టారు. స్కాట్లాండ్‌లో టే వంతెన కట్టేచోట పని నేర్చుకుని, తర్వాత స్పెయిన్ గనుల్లో పనిచేశారు. 1898లో బీహెచ్‌పీలో చేరి, మరుసటి ఏడాదే జనరల్ మేనేజర్ అయ్యారు.

అప్పటికి గనిలో పైపైన దొరికే, సులువుగా కరిగే ఖనిజం తరిగిపోతోంది. లోపలంతా సీసం, జింకు, గంధకం కలగలిసిన గట్టి ఖనిజమే. దాన్ని పొడిచేసి నీళ్ళతో కడిగితే బరువైన సీసం వేరయ్యేది. జింకు మాత్రం, దాదాపు తనంత బరువే ఉన్న రాతిపొడితో కలిసి చెత్తలోకి పోయేది. అలా ఊరి పక్కన లక్షల టన్నుల గుట్టలు పేరుకుపోయాయి.

డెల్‌ప్రాట్ ఆ పొడిని సాల్ట్ కేక్ అనే ఆమ్లగుణమున్న ఉప్పు కలిపిన వేడినీళ్ళలో వేయించారు. పొడిలోని కార్బొనేట్లకు ఆమ్లం తగిలి బొగ్గుపులుసు వాయువు బుడగలు లేచాయి. ఆ బుడగలు జింకు రేణువులకు అంటుకుని వాటిని పైకి తేల్చాయి. రాతిపొడి అడుగునే ఉండిపోయింది. మన కుంకుడుకాయ నురగ మురికిని పట్టుకుని పైకి తెచ్చినట్టే అనుకోండి!

అయితే ఈ పద్ధతి ఆయన ఒక్కరిదే కాదు. మెల్‌బోర్న్‌లో బీరు తయారీ రంగంలో ఉన్న చార్లెస్ పాటర్, గంధకామ్లంతో ఇలాంటి పద్ధతికే అంతకుముందే పేటెంట్ అడిగారు. తగువు కోర్టుకెక్కి, చివరికి రాజీ కుదిరింది. అందుకే పుస్తకాల్లో అది పాటర్-డెల్‌ప్రాట్ పద్ధతిగా నిలిచింది. పాటర్ 1908లోనే పోయారు.

డెల్‌ప్రాట్ అక్కడితో ఆగలేదు. గని ఎప్పటికైనా ఖాళీ అవుతుందని గ్రహించి కంపెనీని ఉక్కు వైపు నడిపించారు. 1915లో న్యూకాజిల్ ఉక్కు కర్మాగారం మొదలైంది. 1921లో పదవి వదిలి, 1937లో మెల్‌బోర్న్‌లో కన్నుమూశారు. దక్షిణ ధ్రువ యాత్రికుడు డగ్లస్ మాసన్ ఆయన అల్లుడే.

ఒక మాట ఒప్పుకోవాలి. ఒకసారి ఆఫీసులో తోటి ఉద్యోగి ఆలోచనకి నేను మెరుగులు దిద్ది, మీటింగ్‌లో అతని పేరు చెప్పలేదు. అందరూ నన్నే మెచ్చుకున్నారు. పాటర్ సంగతి చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే అందరికీ ఈమెయిల్ రాసి అతని పేరు చేర్చాను. ఆలస్యమైనా, గుట్టలో పడిపోయిన జింకు తిరిగి పైకి తేలింది కదా!