ఎడ్వర్డు డ్రింకర్ కోపు

సాలమాండరు అనునది తోకగల ఉభయచరము. రూపమున బల్లిని పోలినను మేనిపై పొలుసులు లేవు. అది కప్పకు బంధువు. మన దేశమున తూర్పు హిమాలయమునను, ఈశాన్యపు కొండలయందును తప్ప కానరాదు. సాలమాండరులలో పెక్కు జాతులు ఉత్తరపు చల్లని సీమలనే ఆశ్రయించినవి. అట్టి ప్రాణి అమెజాను వేడి వనమునందును కలదని తెలిపిన శాస్త్రజ్ఞులలో కోపు ఒకరు. ఆయన జీవితమును సంగ్రహముగా వివరింతుము.

కోపు 1840 జూలై 28వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున సంపన్నమగు క్వేకరు కుటుంబమున జన్మించెను. కుమారుడు సేద్యము చేయవలెనని తండ్రి కోరిక. కోపు మనస్సు జంతువులపై లగ్నమైయుండెను. తండ్రి యిచ్చిన పొలమును కౌలుకిచ్చి, ఆ సొమ్ముతో శాస్త్రకృషి సాగించెను. 1859లో, పందొమ్మిదేండ్లు నిండకమునుపే, సాలమాండరుల వర్గీకరణమును గూర్చి తొలి వ్యాసము ప్రకటించెను.

1874లో ఆచార్య జేమ్సు ఆర్టను అమెజాను ఎగువసీమనుండి తెచ్చిన జంతువులను ఆయన పరీక్షించెను. అందు పెరూ దేశమున నౌటాకు చెందిన చిన్న సాలమాండరు ఒకటి యుండెను. కోపు దానిని క్రొత్త జాతిగా వర్ణించెను. నేడది బోలిటోగ్లోసా ఆల్టమజోనికా యనబడుచున్నది. దానికి ఊపిరితిత్తులు లేవు. తడిసిన చర్మముతోను, నోటిలోని పొరతోను శ్వాసించును. కావున తేమ తరుగని అడవియే దానికి ప్రాణాధారము.

కోపు రమారమి 1,400 రచనలు చేసెను. తొందరపాటు ఆయన లోపము. ఎలాస్మోసారసు అను ప్రాచీన సరీసృపపు ఎముకలను కూర్చుచు, తలను తోక చివర నిలిపెను. మార్షు అను శాస్త్రజ్ఞునితో వైరము పూని ధనమును వ్యయపరచెను. వెండి గనులలో మరికొంత పోగొట్టుకొనెను. 1897 ఏప్రిలు 12న మరణించెను. 1913లో వెలసిన శాస్త్రపత్రికకు ఆయన పేరిడిరి. ఆయన జాతివివక్షాభావములను తలచి, ఆ పేరును తొలగింప 2020లో నిశ్చయించిరి.

ఆయన వర్ణించిన సాలమాండరు కథయు అంతటితో ముగియలేదు. చిరకాలము అమెజాను ప్రాంతపు పెక్కు సాలమాండరులను ఆ యొక్క పేరుతోనే పిలిచిరి. నిశితముగా పరిశీలింపగా అందు వేర్వేరు జాతులున్నట్లు తేలెను. 2013లో బ్రెజిలునుండి మూడు క్రొత్త జాతులు వర్ణింపబడినవి. విశాలదేశమున వ్యాపించిన జాతికి ఒక వనము నశించినను వేరొక వనము మిగులును. ఒక్క వనముననే బ్రదుకు జాతికి అట్టి ఆశ్రయము లేదు. అందుచే ఏ జాతి ఎచ్చట నున్నదో సరిగా నెరుగుట దాని రక్షణకు తొలిమెట్టని మేము తలంతుము.