ఆయిల్ అందని ఇంజన్: రుడాల్ఫ్ డీజిల్ కథ

గోదావరిఖని నుంచి బొగ్గు, బసంత్‌నగర్ నుంచి సిమెంటు. ఈ లోడ్లతో రాజీవ్ రహదారి మీద లారీలు రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి. మధ్యలో ఏదైనా ఆగిపోతే లాక్కెళ్లడానికి రికవరీ బండి రావాలి. మన దగ్గర రికవరీ బండి అంటే చాలావరకు పాత లారీయే. వెనక బాడీ తీసేసి వించ్, బూమ్ బిగిస్తారు. ఒక్కోసారి ఇంకో డీజిల్ ట్యాంకు కూడా తగిలిస్తారు. అసలు తిప్పలు ఆ బండే మొరాయిస్తే మొదలవుతాయి. సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతుంది గానీ పట్టుకోదు. లేదంటే ఖాళీగా బాగానే నడిచి, వెనక లోడు లారీ తగిలించి ఎత్తు ఎక్కేసరికి నీరసపడిపోతుంది. ఆయిల్ అందట్లేదు అని తేలుస్తాడు మెకానిక్ అన్న. డ్రైవర్ల భాషలో ఆయిల్ అంటే డీజిలే.

ఈ కంప్లయింట్ కొత్తదేం కాదు. 130 ఏళ్ల కిందట, ఈ ఇంజన్ కనిపెట్టిన మనిషికే మొదట ఎదురైంది. అతనే రుడాల్ఫ్ డీజిల్.

రుడాల్ఫ్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. అమ్మానాన్నలు బవేరియా నుంచి బతుకుదెరువుకి వచ్చినవాళ్లు. నాన్న పుస్తకాలకు బైండింగ్ చేసేవాడు, తోలు సామాన్లు తయారుచేసేవాడు. 1870లో ఫ్రాన్స్‌కి, ప్రష్యాకి యుద్ధం రాగానే జర్మన్లంతా పారిస్ వదలాల్సి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ని మాత్రం చదువు కోసం ఆగ్స్‌బర్గ్‌లో లెక్కల మాస్టారుగా ఉన్న బాబాయి వరస బంధువు దగ్గరికి పంపేశారు. అక్కడి నుంచి మ్యూనిక్ పాలిటెక్నిక్. 1879లో ఫైనల్ పరీక్షల టైమ్‌కి టైఫాయిడ్ వచ్చింది. తర్వాతి ఏడాది రాసి, చాలా మంచి మార్కులతో బయటపడ్డాడు.

కాలేజీలో థర్మోడైనమిక్స్ చెప్పింది కార్ల్ ఫాన్ లిండే, రిఫ్రిజరేషన్ మెషీన్ల లిండేనే. ఆవిరి ఇంజన్‌లో కాల్చిన బొగ్గులో పదో వంతు కూడా పనికి రావడం లేదని రుడాల్ఫ్‌కి ఆ క్లాసుల్లోనే అర్థమైంది. మనం కార్నో సైకిల్‌ని సెమిస్టర్ అయ్యాక వదిలేస్తాం. అతను వదల్లేదు. లిండే కంపెనీలో ఐస్ మెషీన్ల ఉద్యోగం చేస్తూనే పదేళ్లకు పైగా దాని వెంట పడ్డాడు.

చివరికి దొరికిన ఆలోచన ఇది: ముందు ఒట్టి గాలినే బాగా నొక్కాలి. నొక్కితే అది వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి ఇంధనం వదిలితే స్పార్క్ లేకుండానే అంటుకుంటుంది. 1892లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు, 1893లో వచ్చింది. మన కోల్‌బెల్ట్ వాళ్లకి నచ్చే విషయం ఒకటుంది. అతను మొదట్లో అనుకున్న ఇంధనాల్లో బొగ్గు పొడి కూడా ఉంది. నొక్కుడు కూడా 250 అట్మాస్ఫియర్ల దాకా వెళ్లొచ్చని కాగితం మీద లెక్క వేశాడు. చేతికి ఇనుము తగిలాక ఆ లెక్క చాలా కిందికి దిగింది.

ఆగ్స్‌బర్గ్ మెషిన్ ఫ్యాక్టరీ చోటిచ్చింది, క్రుప్ కంపెనీ డబ్బు పెట్టింది. 1893 ఆగస్టు 10న మొదటి ట్రయల్. ఇంధనం అంటుకుంది, ఒత్తిడి 80 అట్మాస్ఫియర్ల దాకా ఎగిరింది, దాన్ని కొలిచే ఇండికేటర్ పేలిపోయింది. సిద్ధాంతం నిజమే గానీ ఇంజన్ నడవలేదు. 1894 ఫిబ్రవరి 17న మొదటిసారి ఒక్క నిమిషం తనంతట తాను తిరిగింది, 88 చుట్లు.

ఆపిందేమిటి? ఆయిల్ సప్లైయే. సిలిండర్ లోపల గాలి 30 అట్మాస్ఫియర్లకు పైగా ఒత్తిడితో ఉంటుంది. దాన్ని దాటి ఆయిల్ లోపలికి పోవాలంటే పంపు అంతకంటే చాలా గట్టిగా తోయాలి. అదీ కొలిచినట్టు, సరిగ్గా టైమ్‌కి, పొగమంచులా చిమ్మాలి. పంపు బ్యారెల్‌కి ప్లంజర్‌కి మధ్య సందు కొద్ది మైక్రాన్లే ఉంటే తప్ప ఆ ఒత్తిడి నిలవదు. అప్పటి వర్క్‌షాపులు అంత నున్నగా చేయలేకపోయాయి. దాంతో రుడాల్ఫ్ పక్కదారి పట్టాడు. విడిగా కంప్రెసర్ పెట్టి, ఆ గాలితో ఆయిల్‌ని లోపలికి ఊదించాడు. ఇది పనిచేసింది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షిస్తే ఎఫిషియన్సీ 26 శాతం పైగా వచ్చింది. అప్పటికి అంత రాబట్టిన ఇంజన్ ఇంకోటి లేదు.

కానీ ఆ 20 హార్స్‌పవర్ ఇంజన్ బరువు నాలుగున్నర టన్నులు. ఫ్యాక్టరీలో, తర్వాత ఓడల్లో కుదిరింది. లారీలో పెట్టే మాటే లేదు.

లైసెన్సుల మీద డబ్బు మాత్రం వరదలా వచ్చింది. అమెరికా హక్కులకే ఏడాల్ఫస్ బుష్ 10 లక్షల మార్కులు ఇచ్చాడు. అమ్మిన మొదటి ఇంజన్లేమో కస్టమర్ల దగ్గర ఆగిపోతూ వచ్చాయి. మరోవైపు పేటెంట్ మీద గొడవలు. 1898లో రుడాల్ఫ్ మనసు, ఒళ్లు రెండూ దెబ్బతిని శానటోరియంలో చేరాడు. 1900 పారిస్ ఎగ్జిబిషన్‌లో గ్రాండ్ ప్రీ వచ్చింది. అక్కడే ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ని వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. పేరు పెరిగింది గానీ పెట్టుబడులు మునిగాయి, అప్పులు మిగిలాయి.

1913 సెప్టెంబర్ 29 సాయంత్రం ఆంట్‌వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడెక్కి ఇంగ్లండ్ బయల్దేరాడు. రాత్రి భోజనం చేసి క్యాబిన్‌కి వెళ్లాడు. తెల్లారేసరికి లేడు. కొన్ని రోజులకు సముద్రంలో దొరికిన శవం మీది వస్తువుల్ని చూసి కొడుకు గుర్తుపట్టాడు. హత్య అని కథలు చాలా ఉన్నాయి. అప్పుల లెక్క చూస్తే ఆత్మహత్యే అనేవాళ్లు ఎక్కువ.

అతనికి చేతకాని పంపు తర్వాతి తరానికి చేతనైంది. 1924లో మాన్ కంపెనీ కంప్రెసర్ లేకుండా ఆయిల్‌ని నేరుగా చిమ్మే డీజిల్ లారీని చూపించింది. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపుని పెద్దఎత్తున తయారుచేయడం మొదలుపెట్టింది. డీజిల్ ఇంజన్ రోడ్డెక్కింది అప్పుడే. ష్రోటర్ చూసిన ఇంజన్ నిమిషానికి 170 చుట్ల లెక్కన తిరిగింది, అంటే 85 సార్లు చిమ్మితే చాలు. 2,000 చుట్లు తిరిగే ఫోర్‌స్ట్రోక్ లారీ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కి నిమిషానికి 1,000 సార్లు. ఒక్కోసారికి దొరికే టైమ్ రెండు మూడు మిల్లీసెకన్లు. కామన్ రైల్ బండ్లలో ఒత్తిడి 1,600 బార్ కూడా దాటుతుంది.

అందుకే ఆయిల్ అందట్లేదు అనగానే ఖరీదైన హై ప్రెజర్ పంపు మీద పడకూడదు. ఒత్తిడి పుట్టాలంటే ముందు పంపు దాకా ఆయిల్ రావాలి. ట్యాంకులో జాలి, సక్షన్ పైపు జాయింట్లు, ఫీడ్ పంపు, ఫిల్టర్ వరసగా చూసుకుంటూ రావాలి. మార్పులు చేసిన బండిలో అనుమానం మొదట కొత్తగా వేసిన ట్యాంకు మీద, పొడుగు చేసిన పైపు మీద పెట్టాలి. సన్నటి సందులోంచి ఎయిర్ పట్టినా చాలు, గాలి నొక్కుకుపోతుంది తప్ప ఒత్తిడి ఎక్కదు. ఇవన్నీ బాగుంటేనే పంపు, ఆ తర్వాత ఇంజెక్టర్ల రిటర్న్ లీక్ చూడాలి. ఇంజన్ నడుస్తుంటే కామన్ రైల్ పైపు నట్టు మాత్రం వదులు చేయొద్దు. ఆ ధార చర్మంలోకి దూరిపోతుంది.

మన పుస్తకంలో డీజిల్ సైకిల్ అంటే నాలుగు గీతల పీవీ డయాగ్రమ్. అందులో ఒక గీత, కాన్‌స్టంట్ ప్రెజర్ దగ్గర హీట్ అడిషన్, స్కేలుతో అడ్డంగా గీసేస్తాం. రుడాల్ఫ్ జీవితమంతా ఆ గీత దగ్గరే ఖర్చయిపోయింది.