చెయ్యి లేచింది.. కానీ లేపింది పేషెంట్ కాదు! మెదడు మ్యాప్ గీసిన డాక్టర్ పెన్‌ఫీల్డ్ కథ ఇదీ

పుర్రె తెరిచి ఉంది. పేషెంట్ మాత్రం మెలకువగానే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు. డాక్టర్ సన్నటి కరెంటు తీగతో మెదడుపై ఒకచోట తాకగానే పేషెంట్ చెయ్యి దానంతట అదే కదిలింది. ఏమైందని అడిగితే.. తాను కదపలేదని, డాక్టరే కదిపించారని బదులిచ్చాడు!

ఆ డాక్టర్ పేరు వైల్డర్ పెన్‌ఫీల్డ్. 1891లో అమెరికాలోని స్పోకేన్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో షెరింగ్టన్ దగ్గర నరాల శాస్త్రం నేర్చుకున్నారు. 1916లో ఆయన ఎక్కిన ఓడపై జర్మన్ టార్పెడో పడింది. గాయాలతో బతికి బయటపడ్డారు. 1928లో కెనడాలోని మాంట్రియల్‌లో సెటిలయ్యారు.

అదే ఏడాది డిసెంబర్‌లో పెద్ద పరీక్ష ఎదురైంది. సొంత అక్క రూత్‌కు మెదడు ముందు భాగంలో కణితి. ఆపరేషన్ ఆయనే చేశారు. మెదడులో చాలా భాగం తీసేయాల్సి వచ్చింది, అయినా కణితి మొత్తం రాలేదు. రూత్ కోలుకున్నారు. నడిచారు, నవ్వారు, ఇల్లు చూసుకున్నారు. కానీ కొన్నాళ్లకు తమ్ముడు భోజనానికి వెళ్తే.. వంట మొదలుపెట్టి, ఏది ముందు ఏది తర్వాత అన్నది తేల్చుకోలేక స్టవ్ దగ్గర కంగారుపడిపోయారు. చేతులు బాగానే ఉన్నాయి, ప్లాన్ చేసే శక్తే పోయింది. 1931లో ఆమె కన్నుమూశారు.

1934లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌ను ప్రారంభించారు. అక్కడికి వచ్చినవాళ్లలో ఎక్కువగా మూర్ఛ రోగులే. నిజానికి మెదడుకు నొప్పి తెలీదు. అందుకే తల చర్మానికి మత్తిస్తే చాలు. పేషెంట్ మెలకువగా ఉంటే ఎక్కడ తాకితే ఏం కదులుతుందో తెలుస్తుంది, మాట పోకుండా, చెయ్యి పడిపోకుండా జాగ్రత్త పడొచ్చు. కుడివైపు తాకితే ఎడమ చెయ్యి కదిలేది!

అలా వచ్చిందే 1937 నాటి మ్యాప్. అందులో మనిషి బొమ్మ చూస్తే నవ్వొస్తుంది. పెద్ద పెద్ద చేతులు, లావాటి పెదాలు, చిన్న ఒళ్లు. ఎంత సున్నితమైన కదలికలు ఉంటే మెదడులో అంత ఎక్కువ చోటు అన్నమాట. మెడికల్ స్టూడెంట్లు ఇప్పటికీ ఈ బొమ్మ చూస్తారు.

ఇంతకీ ఆయన్ని నిద్రపోనివ్వని ప్రశ్న వేరే. కరెంటుతో చెయ్యి లేపొచ్చు. కొందరికి పాత పాటలు కూడా వినిపించాయి. కానీ వెయ్యికి పైగా ఆపరేషన్లలో ఒక్కసారి కూడా, తాకిన చోట పేషెంట్‌లో ఒక నిర్ణయం పుట్టలేదు. మరి లేపాలనుకునేది ఎవరు? మెదడొక్కటే మనసును వివరించలేకపోవచ్చని 1975లో పుస్తకం రాశారు. చాలామంది శాస్త్రవేత్తలు దీన్ని ఒప్పుకోలేదు. ఒక్క చోట తాకితే నిర్ణయం పుట్టనంత మాత్రాన అది మెదడు బయట ఉన్నట్టేం కాదు కదా. అక్క వంటగది చెప్పింది కూడా అదే!

అప్పుడెప్పుడో తన ఫామ్‌లోని ఒక బండరాయిపై ఆత్మకు, మెదడుకు మధ్య గీత గీసి పెట్టుకున్నారు పెన్‌ఫీల్డ్. చివరి రోజుల్లో మళ్లీ ఆ రాయి దగ్గరకెళ్లి, ఆ గీతను ముక్కలు ముక్కలుగా మార్చారు. 1976 ఏప్రిల్ 5న మాంట్రియల్‌లో, 85 ఏళ్ల వయసులో చనిపోయారు.