ఆచార్య జగదీశ చంద్ర బోసు

మాతృభాషలో విద్య నారంభించినవారు విజ్ఞానశాస్త్రమున వెనుకబడుదురని తలచువారు నేటికిని కలరు. ఆ తలంపునకు జగదీశ చంద్ర బోసుగారి జీవితమే తగిన సమాధానము.

బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన, నేటి బంగ్లాదేశమునందలి మైమెన్‌సింగులో జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్ర బోసుగారు డిప్యూటీ మేజిస్ట్రేటు. ఆ కాలమున అధికారులు తమ బిడ్డలను ఆంగ్ల పాఠశాలలకు పంపుట గౌరవమని యెంచెడివారు. ఆయన మాత్రము కుమారుని వంగభాషా పాఠశాలయందే చేర్చిరి. అచట జాలరి కొడుకును, సేవకుని కొడుకును జగదీశునకు సహాధ్యాయులు. పక్షులను గూర్చియు, జలచరములను గూర్చియు వారు చెప్పు ముచ్చటలు విని, ఆ బాలుడు ప్రకృతిపై మక్కువ పెంచుకొనెను.

పిమ్మట కలకత్తాలోను, కేంబ్రిడ్జిలోను చదివి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి. భారతీయుడైనందున ఆయనకు తెల్లవారికంటె తక్కువ జీతము నిర్ణయింపబడెను. బోసుగారు మూడేండ్లు పాఠములు చెప్పిరేగాని ఆ జీతమును ముట్టలేదు. తుదకు ప్రభుత్వము దిగివచ్చి, పూర్తి జీతమును బకాయిలతో చెల్లించెను.

జర్మనీ దేశీయుడగు హెర్ట్జ్ 1888 నాటికే విద్యుత్తరంగములను పుట్టించి చూపియుండెను. కాని దూరమునుండి క్షీణించి వచ్చు తరంగమును పసిగట్టుట కష్టము. ఫ్రాన్సు దేశీయుడగు బ్రాన్లీ గాజుగొట్టమున లోహపు పొడిని నింపెను. తరంగము సోకగానే రేణువు లొండొంటి నంటుకొని, విద్యుత్తును పారనిచ్చును. అయితే గొట్టమును తట్టి రేణువులను విడదీసినగాని రెండవ తరంగము తెలియదు. బోసుగారు పొడికి బదులు సన్నని ఉక్కుతీగ చుట్టలను వరుసగా నమర్చి, వాని ఒత్తిడిని మరచీలతో సవరించు గ్రాహకమును నిర్మించిరి. 1895లో కలకత్తా టౌన్ హాలునందు ఆయన పంపిన తరంగములు గోడలను దాటి గంటను మ్రోగించెను, తుపాకిమందు నంటించెను. తరువాత గెలీనా యను సీసపు ఖనిజముతో, తట్టనక్కరలేని గ్రాహకమును సిద్ధపరచిరి. మిత్రుల ప్రోద్బలమున 1901లో అమెరికాలో దరఖాస్తు చేయగా, 1904లో దానికి పేటెంటు లభించెను. ఆ హక్కుతో ధనము గడించుటకు బోసుగారు యత్నింపలేదు.

1917లో తమ జన్మదినముననే కలకత్తాలో పరిశోధనాలయమును స్థాపించి, మొక్కల స్పందనములను కొలుచుటలో శేషజీవితమును గడపిరి. 1921లో మాతృభాషయందు ‘అవ్యక్త’ మను వ్యాససంపుటిని ప్రకటించిరి. 1937 నవంబరు 23న గిరిడీలో పరమపదించిరి.

నేడు శాస్త్రజ్ఞులు, పరిసరములందలి ప్రసారములను తానే కనిపెట్టి, ఖాళీగా నున్న తరంగమార్గము నెన్నుకొను రేడియోను రూపొందించుచున్నారు. క్షీణమైన సంకేతమును గుర్తించుటయే దానికిని మొదటి పని.

విద్యార్థులారా! ఇతర భాషల నడుమ తెలుగున చదువుకొనుచున్న మనము ఆంగ్లమును శ్రద్ధతో నేర్వవలసినదే. కాని మన బడిని జూచి మనమే చిన్నబోవ నక్కరలేదు. బోసుగారి తొలి బడియు నిట్టిదే.