క్లోరోఫాం కోసం లండన్‌తో తలపడిన హైదరాబాద్ సర్జన్

1889 చివరి నెలల్లో హైదరాబాద్‌లో 400కు పైగా జంతువులకు క్లోరోఫాం పట్టారు. ఎక్కువ భాగం వీధికుక్కలే. కోతులు, మేకలు, గుర్రాలు కూడా ఉన్నాయి. ఖర్చు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పెట్టుకున్నారు. ప్రయోగాలు స్వయంగా చేసి చూడటానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన ఔషధ శాస్త్రవేత్త ఓడెక్కి వచ్చాడు. తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే. మత్తు ఎక్కువై మనిషి చనిపోయేటప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా?

ఈ హడావుడికంతటికీ మూలం సర్జన్ ఎడ్వర్డ్ లౌరీ. 1846లో పుట్టాడు. ఎడిన్‌బరోలో చదివాడు. అక్కడ ఆయన గురువు జేమ్స్ సైమ్. మత్తిచ్చేటప్పుడు రోగి నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరినే కనిపెట్టుకుని ఉండాలి అన్నది సైమ్ పద్ధతి. మడతపెట్టిన గుడ్డ మీద క్లోరోఫాం పోసి ముక్కు దగ్గర పట్టుకోవడమే తప్ప పరికరాల జోలికి పోయేవారు కాదు. లండన్ డాక్టర్ల లెక్క వేరు. వాళ్ల వేలు ఎప్పుడూ నాడి మీదే ఉండేది.

ఆ తగాదా అప్పటికే పాతది. 1848 జనవరిలో ఇంగ్లాండ్‌లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోబోయి క్లోరోఫాం కింద చనిపోయింది. గుండె ఆగిందని జాన్ స్నో అభిప్రాయం. క్లోరోఫాంను వైద్యంలోకి తెచ్చిన సింప్సన్ ఒప్పుకోలేదు. తేరుకోవడానికని నోట్లో పోసిన నీళ్లు, బ్రాందీ గొంతుకు అడ్డంపడి ఉంటాయన్నాడు. తన మందును వెనకేసుకురావడానికి అన్నా, మత్తులో ఉన్నవాళ్ల గొంతులో ఏదైనా పడితే ప్రాణం మీదికి వస్తుందన్న మాట మాత్రం నిజం.

లౌరీ 1872లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి, లాహోర్‌లో పనిచేసి, 1885లో రెసిడెన్సీ సర్జన్‌గా హైదరాబాద్ వచ్చాడు. హైదరాబాద్ మెడికల్ స్కూల్ బాధ్యత కూడా ఆయనదే. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీ అదే. ఆయన హయాంలోనే అక్కడ ఆడపిల్లలను చేర్చుకున్నారు. వాళ్లలో ఒకరైన రూపాబాయి ఫర్దూన్జీ 1889లో పట్టా పుచ్చుకుని, మత్తివ్వడమే వృత్తిగా చేసుకున్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె పేరు చెబుతారు. లౌరీ ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్క పనికి తలుచుకోవచ్చు.

1888లో లౌరీ మొదటి క్లోరోఫాం కమిషన్ వేయించాడు. ఊరకుక్కల మీద ప్రయోగాలు చేసి, ఊపిరే ముందు ఆగుతోందని ప్రకటించారు. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. లౌరీ ఊరుకునే రకం కాదు. మనిషిని పంపండి, ఖర్చు మేమిస్తాం అంటూ నిజాం చేత వెయ్యి పౌండ్లు ఇప్పించాడు. అలా వచ్చినవాడే బ్రంటన్. గుండెకే ప్రమాదమని నమ్ముతూ వచ్చినవాడు, హైదరాబాద్‌లో చూశాక అభిప్రాయం మార్చుకున్నాడు. 1890లో నివేదిక లాన్సెట్‌లోనే అచ్చయింది.

అయినా ఆపరేషన్ బల్లల మీద చావులు ఆగలేదు. మత్తు సరిగ్గా ఎక్కకముందే, మొదటి నిమిషాల్లోనే కొందరు పోతూనే ఉన్నారు. లౌరీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఇచ్చినవాడికి చేతకాలేదు, ఊపిరి గమనించలేదు అనేవాడు. ఆయన మొండితనం క్లోరోఫాంతో ఆగలేదు, మలేరియా క్రిమి ఉందంటే కూడా ఒప్పుకోలేదు. తన కళ్ల ముందున్న సికింద్రాబాద్‌లోనే 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో దాన్ని కనిపెట్టాడు.

అసలు సంగతి 1911లో బయటపడింది. గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలు చేశాడు. క్లోరోఫాం మోతాదు పెంచుకుంటూ పోతే ఊపిరే ముందు ఆగుతుంది. ఆ మేరకు లౌరీ చెప్పింది తప్పు కాదు. కానీ మత్తు పైపైన ఉన్నప్పుడు రక్తంలో అడ్రినలిన్ ఎక్కువైతే గుండె అదిరిపోయి ఒక్కసారిగా ఆగిపోతుంది. భయపడిన రోగి ఒంట్లో అడ్రినలిన్ ఊరుతుంది. హైదరాబాద్‌లో ఎక్కువగా చూసింది మోతాదు మించిన చావులను. మత్తు డాక్టరు ఇచ్చేదాన్ని కొలిచారు, రోగి ఒంట్లో ముందే ఉన్నదాన్ని లెక్కవేయలేదు.

సరిగ్గా అదే ప్రశ్న ఇప్పుడు షుగర్, బరువు తగ్గే మందుల రూపంలో వచ్చి కూర్చుంది. సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు ఆకలిని తగ్గిస్తాయి, కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. రాత్రి నుంచి ఏమీ తినని రోగి కడుపులో కూడా తిన్నది మిగిలి ఉండొచ్చు. మత్తులో దగ్గు రాదు. కడుపులోది పైకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా, ఒక్కోసారి ప్రాణాపాయం. వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్‌ను ఆపరేషన్‌కు వారం ముందు ఆపాలని 2023 జూన్‌లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం చెప్పింది. సెమాగ్లుటైడ్ అయితే వారం తర్వాత కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. ఆపితే షుగర్ పెరిగే చిక్కు వేరే. 2024 అక్టోబరులో పలు వైద్య సంఘాలు కలిసి, చాలామంది ఆపనక్కర్లేదని సవరించాయి. వాంతులు, కడుపుబ్బరం ఉన్నవాళ్లను, మోతాదు పెంచుతున్న దశలో ఉన్నవాళ్లను జాగ్రత్తగా చూడాలని, ముందు 24 గంటలు ద్రవాహారం పెట్టాలని, అనుమానముంటే కడుపును అల్ట్రాసౌండ్‌తో చూడాలని చెప్పాయి. మన దగ్గర మరీ ఎక్కువగా వాడే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల సంగతి వేరు. వాటిని ముందుగా అనుకున్న ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు ఆపించాలి. లేకపోతే షుగర్ మామూలుగానే కనిపిస్తూ రక్తంలో ఆమ్లాలు పేరుకుపోవచ్చు. మందు ఆపడం, కొనసాగించడం డాక్టరు చూసుకోవాల్సినవి. రోగి చేయాల్సింది ముందే చెప్పడం. సన్నబడటానికి వేసుకునే ఇంజెక్షన్‌ను చాలామంది మందుల లెక్కలోనే వేయరు.

లౌరీ 1901లో ఉద్యోగం విరమించి ఇంగ్లాండ్ వెళ్లిపోయాడు. అక్కడా క్లోరోఫాం పక్షాన వాదిస్తూనే ఉన్నాడు. లెవీ ప్రయోగాలు అచ్చయ్యేనాటికి ఆయన బతికే ఉన్నాడు. 1915లో చనిపోయాడు. క్లోరోఫాం తర్వాత వాడుకలోంచి పోయింది. రోగి ఊపిరిని క్షణక్షణం గమనించాలన్న ఆయన పట్టుదల మాత్రం నేటికీ ప్రతి ఆపరేషన్ థియేటర్‌లో నడుస్తోంది. కాకపోతే ఆయన అక్కర్లేదన్న నాడిని కూడా పక్కనే తెర మీద చూస్తున్నారు.