మూడోసారికి పాసైన సుబ్బారావు గారు

మాది ఏ.ఎస్. రావు నగర్. ఈసీఐఎల్‌ని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరే మా కాలనీకి పెట్టారు. అలా ఒక సైంటిస్టు పేరు రోజూ నా నోట్లో నానుతుంది. కానీ యల్లాప్రగడ సుబ్బారావు గారెవరని అడిగితే మా బయోటెక్ క్లాసులోనే చాలామంది తెల్లమొహం వేశారు. అందుకే ఇది రాస్తున్నా.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టుకుని తిరిగారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కి కంటగింపైంది. చివరికి ఎంబీబీఎస్ చేతికి రాలేదు, అంతకన్నా చిన్నదైన ఎల్.ఎమ్.ఎస్.తో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆయన సోదరులిద్దరు స్ప్రూ జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చిక్కి శల్యమవుతాడు. అప్పట్లో దానికి సరైన మందే లేదు.

1922లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. తర్వాత కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌నీ, 1929లో మనం ఇంటర్ నుంచీ బట్టీపట్టే ఏటీపీనీ బయటపెట్టారు. ఇంత చేసినా అక్కడ పర్మనెంట్ పోస్టు దక్కలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడ 1945లో ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. అది స్ప్రూకి పనిచేసింది! తన ఇంట్లో ఇద్దరిని మింగిన జబ్బుకి మందు తన ల్యాబ్ నుంచే వచ్చింది. కాకపోతే వాళ్లు పోయి అప్పటికే చాలా ఏళ్లైంది.

కథ అక్కడితో ఆగలేదు. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణాలకి ఆ ఆకలి మరీ ఎక్కువ. మరి అచ్చం దానిలాగే ఉండే నకిలీని పెడితే? అలా తయారైందే అమినోప్టెరిన్. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా పిల్లలకి ఇచ్చారు. కొంతకాలమే అయినా జబ్బు వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు చనిపోయారు. అప్పటికి 53 ఏళ్లు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ని డాక్టర్లు ఇప్పటికీ రాస్తున్నారు.

ఆ ఆకలే ఇప్పుడు క్యాన్సర్‌ని పట్టిస్తోంది కూడా. చాలా అండాశయ క్యాన్సర్ కణాల పైన ఫోలేట్‌ని పట్టుకునే రిసెప్టర్ ప్రొటీన్ గుంపులుగా ఉంటుంది. ఆ మనిషి ప్రొటీన్ జీన్‌ని వేరే కణాల్లో పెట్టి, ప్రొటీన్‌ని ల్యాబ్‌లోనే తయారుచేస్తారు. గడ్డలో దాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో దానిమీదే పరీక్షిస్తారు. ఫోలేట్ లాంటి అణువుకి మెరిసే రంగు తగిలించి, ఆపరేషన్‌లో దాగున్న క్యాన్సర్‌ని వెలిగించి చూపే మందుకి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది.

బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో ఫాస్ఫరస్ ఎస్టిమేషన్ చేసేటప్పుడు ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అని రికార్డులో రాస్తాం కదా. అందులో రెండో పేరు మన భీమవరం ఆయనదే.